మాంటిస్సోరి ఆల్బములు: ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు పాఠం చెప్పేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మాంటిస్సోరి తరగతిలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి రూపొందించిన ఈ పద్ధతిలో పిల్లలు సామగ్రితో సొంతంగా పనిచేస్తూ నేర్చుకుంటారు. తెలుగు ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లలో ప్రశ్నలు దాదాపు ఇవే. ఇంట్లో చదివించే తల్లులు, కొత్తగా తరగతిలో చేరిన టీచర్లు, మనవడికి లెక్కలు చెప్పాలని ముచ్చటపడే తాతయ్యలు అడిగినవి ఇక్కడ ఒకచోట పెట్టాను.

మాంటిస్సోరి గైడు అంటే బజారులో దొరికే గైడులాంటిదేనా?

కాదు. మన చిన్నప్పుడు పరీక్షల ముందు కొన్న గైడు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టేది. ప్రశ్న, దాని కింద జవాబు, అంతే. ఇది అలాంటిది కాదు. పైగా మాంటిస్సోరి వాళ్లు గైడు అని పిలిచేది టీచరును. పాఠాలు రాసి ఉన్న పుస్తకాన్ని ఆల్బమ్ అంటారు. అంగడికి వెళ్లి మాంటిస్సోరి గైడు కావాలని అడిగితే ఎల్‌కేజీ వర్క్‌బుక్ చేతిలో పెడతారు. కాబట్టి ఆల్బమ్ అనే మాటే వాడండి, వెతుకులాట సగం తగ్గుతుంది.

ఆల్బమ్ ఎవరో అచ్చువేసి అమ్మే పాఠ్యపుస్తకం కూడా కాదు. శిక్షణ తీసుకునేవారు శిక్షకురాలు చూపిన ప్రతి పాఠాన్నీ అదే రోజు రాత్రి సొంత మాటల్లో రాసుకుంటారు, బొమ్మలు గీసుకుంటారు, దిద్దించుకుంటారు. కోర్సు ముగిసేసరికి భాష, గణితం, జ్యామితి, భూగోళం, జీవశాస్త్రం, చరిత్ర, సంగీతం, చిత్రకళ అని వరుసగా లావుపాటి ఫైళ్లు తయారవుతాయి. నావి అటక మీద ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి.

ఒక్కో పాఠంలో ఏమేమి రాసి ఉంటాయి?

సామగ్రి ఏమిటి, అంతకుముందు పిల్లవాడికి ఏం వచ్చి ఉండాలి, ఈ పాఠం ఎందుకు, దీనివల్ల ముందు ముందు దేనికి దారి పడుతుంది, ఎలా చూపాలి, తప్పు జరిగితే పిల్లవాడికే ఎలా తెలుస్తుంది, ఆ తర్వాత వాడు సొంతంగా ఏం చేయవచ్చు. అందరూ నేరుగా ఎలా చూపాలి అన్న భాగానికి దూకుతారు. నేనైతే ముందు ఏం వచ్చి ఉండాలి అన్న చిన్న పేరా మీద వేలు పెట్టి చదవమంటాను. పాఠం బెడిసికొట్టిన రోజున కారణం చాలావరకు ఆ పేరాలోనే దొరుకుతుంది.

ఇవి ఎక్కడ దొరుకుతాయి?

మూడు దారులున్నాయి. మొదటిది శిక్షణ. అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనేల్ అనే సంస్థను మరియా మాంటిస్సోరి, ఆమె కుమారుడు మారియో 1929లో స్థాపించారు. దాని గుర్తింపు ఉన్న కోర్సులు మన దేశంలో కొన్ని నగరాల్లో జరుగుతాయి. బెంగళూరులో ఇండియన్ మాంటిస్సోరి సెంటర్ ఉంది. 1960లో మొదలైన అమెరికన్ మాంటిస్సోరి సొసైటీది మరో ఒరవడి. ఏ కోర్సులో చేరాలన్నా ముందు ఒక్క మాట అడగండి: ఇది రెండున్నర నుంచి ఆరేళ్ల వారికా, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికా? మన ఊళ్లలో కనిపించే కోర్సుల్లో ఎక్కువ భాగం చిన్నపిల్లలవే. డబ్బు కట్టాక తెలుసుకుని ఏం లాభం? మాంటిస్సోరి అన్న పేరును ఎవరు ఏ బోర్డు మీద రాసుకున్నా అడ్డుచెప్పేవారు లేరు. అమెరికాలో 1967లోనే అది ఎవరి సొత్తూ కాని సాధారణ నామమని తేల్చేశారు. ఇక మన పట్నాల్లో మాంటిస్సోరి అంటే టై కట్టుకున్న ఎల్‌కేజీ అని ఎప్పుడో స్థిరపడిపోయింది.

రెండోది, శిక్షణ పొందినవారు అందరి కోసం తయారుచేసిన ఆల్బములు. కొందరు ఇంట్లో చదివించేవారి కోసం అమ్ముతారు. కొన్ని ఉచితం. కల్టివేటింగ్ ధర్మ అనే వెబ్‌సైటులో ప్రాథమిక స్థాయి ఆల్బములు ఉచితంగా చదువుకోవచ్చు. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి.

మూడోది, మాంటిస్సోరి స్వయంగా రాసిన పుస్తకాలు. ప్రాథమిక తరగతుల సామగ్రి గురించి ఆమె ఇటాలియన్‌లో 1916లో అచ్చువేసిన గ్రంథం మరుసటి ఏడాదే ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా వచ్చింది. వాటిలో రెండోదైన ‘ది మాంటిస్సోరి ఎలిమెంటరీ మెటీరియల్’ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. వ్యాకరణం, లెక్కలు, జ్యామితి, చిత్రలేఖనం, సంగీతం అన్నీ అందులో ఉన్నాయి. పాఠాన్ని ఈనాటి ఆల్బములా మెట్టుమెట్టుగా విడదీసి చెప్పదు కానీ, అసలు ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది.

నాలుగో దారి కూడా ఉందని మీకు తెలుసు, నాకూ తెలుసు: వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన నాలుగు వందల పేజీల ఫైలు. ఎవరో రాత్రుళ్లు మేలుకుని రాసుకున్న ఆల్బమ్ అది. పేరు చెరిపేసి పంచుకోవడం నాకు నచ్చదు. నచ్చకపోవడం అటుంచి, అలాంటి ఫైళ్లలో మధ్య పేజీలు ఉండవు, బొమ్మలు నల్లగా అలుక్కుపోయి ఉంటాయి. ఒకసారి అలాంటిదాన్ని నమ్ముకుని దశాంశాల పాఠం మొదలుపెట్టి, సగంలో నాలుక కరుచుకున్నాను.

ఈ పద్ధతికీ చెన్నైకీ ఏదో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చారు, అడయారులో శిక్షణ తరగతి నడిపారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను కొంతకాలం నిర్బంధించింది. కొన్నాళ్లని వచ్చిన ఆమె 1946 దాకా ఇక్కడే ఉండిపోవలసి వచ్చింది. మధ్యలో కొడైకెనాల్‌లో ఉన్నప్పుడు, శ్రీలంకకు చెందిన లీనా విక్రమరత్నేతో కలిసి పెద్ద పిల్లలతో పనిచేస్తూ, ఆరేళ్లు దాటినవారికి విశ్వాన్నంతా ఒక కథగా చెప్పే విద్యకు రూపం ఇచ్చారు. ఆ ఆలోచనలున్న ‘టు ఎడ్యుకేట్ ది హ్యూమన్ పొటెన్షియల్’ 1948లో అడయారు కళాక్షేత్ర ప్రచురణగా వెలువడింది. ఆల్బములోని పాఠాలన్నీ ఏ చెట్టు కొమ్మలో తెలియాలంటే ముందు ఆ చిన్న పుస్తకం చదవండి. పేజీలు తక్కువే, కానీ ఒక్క బిగిన చదివేది కాదు.

శిక్షణ లేకుండా ఇంట్లో వాడవచ్చా?

వాడవచ్చు. లెక్కల పాఠాలు ఆల్బమ్ చూసి నేర్చుకోవచ్చు, ఎందుకంటే సామగ్రే మీ తప్పును బయటపెడుతుంది. లెక్కకు వాడే పూసలు మిగిలిపోతే ఎక్కడో పొరపాటు చేశారన్నమాట. కథలు చెప్పడం, పిల్లల పనిని గమనించడం, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడం మాత్రం పుస్తకంతో రావు. వీలుంటే ఒక మంచి తరగతిలో రెండు మూడు ఉదయాలు మూలన కూర్చుని చూడటానికి అనుమతి అడగండి. చెన్నైలో అడిగితే కాదనని బడులు కొన్ని ఉన్నాయి.

ఆల్బమ్ ముందు పెట్టుకుని చదువుతూ చెబితే తప్పేమిటి?

నా మొదటి ఏడాది సంగతి చెబుతాను. స్టాంపు గేమ్‌తో భాగహారం. ఒకటి, పది, వంద, వెయ్యి అని అంకెలున్న చిన్న చెక్క బిళ్లలు, పంచుకునేవారి బదులు నిలబెట్టడానికి ఆకుపచ్చ బొమ్మలు. 9,764ను నలుగురికి పంచాలి. ఆల్బమ్ ఒళ్లో తెరిచి ఉంది. ‘వెయ్యి’ బిళ్లలు తొమ్మిది తీసుకుని నాలుగు బొమ్మలకు రెండేసి ఇచ్చాను. ఒకటి మిగిలింది. ఆ ఒకటిని పది ‘వంద’ బిళ్లలుగా మార్చాలన్న వాక్యం తర్వాతి పేజీలో ఉంది. పేజీ తిప్పేటప్పుడు రెండు అతుక్కుని ఒకేసారి తిరిగాయి. నేను గబగబా ఏడు వందలను పంచడానికి చేయి చాపాను. ఎదురుగా కూర్చున్న ఏడేళ్ల పిల్ల ఆ ఒంటరి బిళ్లను వేలితో నా వైపు తోసి, “అక్కా, ఇది మిగిలిపోయింది. దీన్ని ఎవరికీ ఇవ్వరా?” అంది.

ఆ పిల్ల చూస్తున్నది బిళ్లలను, నేను చూస్తున్నది కాగితాన్ని.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ముందు రోజు రాత్రి ఆల్బమ్ చదువుతాను. పుస్తకం మూసి, సామగ్రి ముందు పెట్టుకుని, ఒంటరిగా ఒకసారి చేస్తాను. ఎక్కడ ఆగిపోతే అక్కడ మళ్లీ చూస్తాను. తర్వాత ఒక చిన్న అట్టముక్క మీద నాలుగైదు మాటలు మాత్రం తెలుగులో రాసుకుంటాను: పంచు, మిగిలింది మార్చు, మళ్లీ పంచు, ఒక్కరి వాటా చదువు. (జవాబు 2,441. భాగహారంలో జవాబు అంటే ఒక్కరికి వచ్చిన వాటా అని ఆల్బమ్ చెప్పేదాకా నాకూ తోచలేదు. బడిలో నాకు ఎవరూ అలా చెప్పలేదు.) తరగతిలోకి ఆ అట్టముక్క మాత్రమే వస్తుంది. ఆల్బమ్ బీరువాలో ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఐదు గొప్ప కథలతో. విశ్వం పుట్టుక, ప్రాణం రాక, మనిషి రాక, రాత కథ, అంకెల కథ. సంవత్సరం మొదట్లో చెబుతారు, ఏటేటా మళ్లీ చెబుతారు. ఆరేళ్లు దాటిన పిల్లవాడికి చేతికి అందనిదాన్ని ఊహించడం మీదే మోజు. పెద్ద చిత్రం ముందు చూపితే, దాని లోపలి చిన్న సంగతులను వాడే వెతుక్కుంటాడు. కథలో అన్నీ చెప్పేయకండి.

ప్రాణం రాకకు తోడుగా గంటల గడియారం పాఠం ఉంది. భూమి వయసు 460 కోట్ల ఏళ్లను పన్నెండు గంటల గడియారంగా గీస్తే ఒక్క గంట సుమారు 38 కోట్ల ఏళ్లు. ఒక్క సెకను లక్ష ఏళ్ల పైచిలుకు. మన జాతి మనుషులు పుట్టి మూడు లక్షల ఏళ్లనుకుంటే, గడియారంలో చివరి మూడు సెకన్లు. ఈ పాఠం తర్వాత ఒక పిల్లవాడు గోడ గడియారం కింద నిలబడి సెకన్ల ముల్లును చూస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, వెనక్కి తిరిగి, “అయిపోయిందా?” అన్నాడు.

మొదటి కథలో అగ్నిపర్వతం ప్రయోగానికి రసాయనం ఎక్కడ దొరుకుతుంది?

దొరికినా కొనకండి. పాత ఆల్బములలో అమ్మోనియం డైక్రోమేట్ అని రాసి ఉంటుంది. నారింజ రంగు పొడి, అంటిస్తే నిప్పురవ్వలతో బూడిద ఎగజిమ్ముతుంది. చూడటానికి అద్భుతమే. కానీ అందులోని క్రోమియం విషం, క్యాన్సర్ కారకం. వంటసోడా, వెనిగర్, కాస్త ఎర్రరంగు వేస్తే పిల్లలకు అదే సంబరం. ఆల్బమ్ చేతికి రాగానే ఇలాంటి చోట్ల ఎర్ర సిరాతో కొట్టేయండి. ప్లూటో ఇంకా గ్రహాల వరుసలో ఉంటే (2006లో తీసేశారు) దాన్ని కూడా.

కథలో దేవుడి ప్రస్తావన గురించి అడిగేవారూ ఉన్నారు. చేతులు లేని దేవుడు అని పాత వాచకం మొదలవుతుంది. నేను అక్కడ సృష్టి నియమాలు అంటాను. మీ ఇంటి పద్ధతిని బట్టి మార్చుకోవచ్చు, కథ నడక చెడదు.

ఆల్బములన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వ్యాకరణం పాఠాలను తెలుగులోకి ఎలా మార్చాలి?

మార్చకండి, కొత్తగా రాసుకోండి. ఈ ప్రశ్న ఒక్కదానికే వేరే పుస్తకం రాయవచ్చు, అయినా కుదించి చెబుతాను.

మాటల చీటీలుండే ఈ వ్యాకరణం పెట్టెలు పుట్టింది ఇటాలియన్‌లో. ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడే వాక్యాలన్నీ ఆ భాషకు తగ్గట్టు తిరగరాయవలసి వచ్చింది. అదే పని మనం తెలుగుకు చేయాలి. ఒక్కో రకం మాటకు ఒక్కో గుర్తు ఉంటుంది. నామవాచకానికి పెద్ద నల్ల త్రిభుజం, విశేషణానికి అంతకంటే చిన్న ముదురు నీలి త్రిభుజం, క్రియకు పెద్ద ఎర్ర వృత్తం, క్రియావిశేషణానికి చిన్న నారింజ వృత్తం, సర్వనామానికి ఊదా త్రిభుజం. ఇక్కడిదాకా తెలుగుకు ఇబ్బంది లేదు. ఆ తర్వాత లేత నీలి చిన్న త్రిభుజం వస్తుంది, అది ఆర్టికల్‌కు, అంటే ఇంగ్లీషులోని ఎ, ఆన్, ది అనే మాటలకు. తెలుగులో దానికి పని లేదు. పెట్టెలో నుంచి తీసేయండి. ‘ఒక’ అన్న మాటను దాని కింద బలవంతంగా కూర్చోబెట్టిన తర్జుమాలు చూశాను, పిల్లలు ప్రతి వాక్యంలోనూ ఒక పిల్లి, ఒక బల్ల అని రాయడం మొదలుపెడతారు.

అసలు చిక్కు ఆకుపచ్చ నెలవంకతో. ఇంగ్లీషులో అది నామవాచకానికి ముందు నిలిచే చిన్న మాటకు గుర్తు. తెలుగులో ఆ పని వెనక నుంచి జరుగుతుంది. “పిల్లి బల్ల కింద పడుకుంది” అనే వాక్యంతో మొదలుపెడితే హాయిగా సాగుతుంది: ‘కింద’ విడి మాట, దాని మీద నెలవంక పెట్టవచ్చు. మీద, పక్కన, లోపల అన్నీ ఇంతే. వీటితో రెండు వారాలు ఆడుకున్నాక, ‘లో’, ‘కి’, ‘తో’, ‘నుంచి’ వంటి అంటుకుపోయే వాటికి కత్తెర తీయండి. కాగితపు చీటీ మీద మాట రాసి, విభక్తిని కత్తిరించి, దాని మీద నెలవంక పెట్టాలి. ‘బడిలో’, చక్కగా తెగింది: బడి, లో. ‘ఊరికి’, అదీ తెగింది. తర్వాత ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె ‘ఇంట్లో’ అన్న చీటీ తీసుకుంది. కాసేపు చూసింది. ‘లో’ దగ్గర కత్తిరించి మిగిలిన ముక్క నాకు చూపి, “ఈ ఇంట్ ఎవరక్కా?” అంది.

సరైన ప్రశ్న. ఇల్లు అన్న మాట విభక్తి చేరేముందు ‘ఇంటి’గా మారుతుంది. ఊరు, కాలు, చేయి అన్నీ ఇలాగే ఊరి, కాలి, చేతి అవుతాయి. మన వ్యాకరణంలో దీనికి ఔపవిభక్తికం అని పేరు కూడా ఉంది. ఆ పేరు ఆ రోజు చెప్పలేదు. రెండు చీటీలు రాసి పెట్టాను, ‘ఇల్లు’ ఒకటి, ‘ఇంటి’ ఒకటి. ఆ పిల్లా దాని స్నేహితురాలూ కలిసి సాయంత్రానికి అలా వేషం మార్చే మాటలు పద్దెనిమిది పోగుచేశారు. ‘కన్ను’ దగ్గర చాలాసేపు దెబ్బలాడుకున్నారు. ఇది ఏ ఇంగ్లీషు ఆల్బములోనూ లేని పాఠం, నా ఆల్బములో ఇప్పుడు మూడు పేజీలు ఆక్రమించింది.

సముచ్చయానికి, అంటే మాటలను కలిపే మాటకు, గులాబీ రంగు పట్టీ. ‘మరియు’ అన్న మాట కింద దాన్ని పెట్టేస్తే సులువే కానీ, ఇంట్లో ఎవరు మరియు అంటారు? అమ్మా నాన్నా వచ్చారు అంటాం. చివరి అచ్చును సాగదీయడమే మన సముచ్చయం. నేను ఆ దీర్ఘం గుర్తు మీదే సన్నటి గులాబీ పట్టీ అంటిస్తాను. “వచ్చాను” అన్న ఒక్క మాటలో ‘నేను’ దాగి ఉందని చూపడానికి ఎర్ర వృత్తం లోపల చిన్న ఊదా త్రిభుజం గీస్తాను. పండితులు ఒప్పుకుంటారో లేదో కానీ పిల్లలు ఒప్పుకున్నారు.

వాక్య విశ్లేషణ మాత్రం తెలుగుకే పుట్టిందా అన్నట్టు ఉంటుంది. మధ్యలో ఎర్ర వృత్తంలో క్రియ పెట్టి, బాణాల మీద ఎవరు, దేనిని, ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అని అడుగుతూ పోవడమే. మాటల వరుస ఎలా మార్చినా విభక్తులు అర్థాన్ని కాపాడతాయి కాబట్టి, పిల్లలు చీటీలను అటూ ఇటూ మార్చి వాక్యం చెడలేదని కేకలు వేస్తారు.

లక్షలు, కోట్లు ఆల్బములో లేవు. ఏం చేయాలి?

దశాంశ స్థానాలకు ఈ పద్ధతిలో మూడే రంగులు. ఒకట్లు ఆకుపచ్చ, పదులు నీలం, వందలు ఎరుపు. వెయ్యి దగ్గర మళ్లీ ఆకుపచ్చ, పదివేలు నీలం, లక్ష ఎరుపు, పది లక్షలు మళ్లీ ఆకుపచ్చ. మూడేసి స్థానాలకు ఒక కుటుంబం. పాశ్చాత్య లెక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది. మనం వెయ్యి తర్వాత రెండేసి స్థానాలకు కామా పెడతాం. రంగుల కుటుంబం ఒకచోట ముగుస్తుంది, మన కామా మరోచోట పడుతుంది.

సామగ్రికి కొత్త రంగులు వేయించిన వారిని చూశాను. వద్దు. రంగు చెప్పేది పది రెట్ల నడకను. పేరు అనేది ఒక్కో దేశం పెట్టుకున్నది. పెద్ద పూసల చట్రానికి ఏడు తీగలుంటాయి, ఒకటి నుంచి పది లక్షల దాకా. మన కామాలు పడేచోట, అంటే మూడో తీగకు నాలుగో తీగకు మధ్య, ఐదుకూ ఆరుకూ మధ్య, పసుపుదారం ముక్క కట్టండి. ముందు మన పేర్లతో చదివించండి, కొన్ని వారాల తర్వాత అదే సంఖ్యను మిలియన్ లెక్కలో చదవమనండి. ఒకే సంఖ్యకు రెండు పేర్లుండటం పిల్లలకు మహా సరదా. మా తరగతిలో దాన్ని ‘ఇంటి పేరు, బడి పేరు’ అంటారు. పేరు పెట్టింది నేను కాదు.

సామగ్రి అంతా కొనాలా?

నెదర్లాండ్స్‌లోని నీన్‌హైస్ వంటి కంపెనీల సామగ్రి ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. బంగారు రంగు పూసలు, స్టాంపు గేమ్, భిన్నాల వృత్తాలు, పెద్ద గుణకారాలకు వాడే గడుల పలక చెకర్‌బోర్డు: ఇవి కొలత తప్పితే పనికిరావు, కాబట్టి కొనండి లేదా వాడినవి సంపాదించండి. భారతీయ తయారీలు చవకగానే దొరుకుతాయి. మిగిలినవి చేసుకోవచ్చు. పెద్ద భాగహారానికి వాడే పరీక్షనాళికల సెట్టులో ఏడు స్టాండ్లు, ఒక్కోదానిలో పది గొట్టాలు, ఒక్కో గొట్టంలో పది పూసలు ఉంటాయి, మొత్తం ఏడు వందల పూసలు. చెన్నైలోని ప్యారీస్ కార్నర్ వీధుల్లో ఆ మూడు రంగుల పూసలు ఏరుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. దళసరి కాగితానికి అక్కడి ఆండర్సన్ వీధి. పెళ్లి శుభలేఖల దుకాణాల్లో మిగిలిన అట్టముక్కలు అడిగితే ఇస్తారు, వ్యాకరణం చీటీలకు అంత మంచి అట్ట మరోటి లేదు. మా విశేషణాల చీటీల వెనక ఎవరిదో సుముహూర్తం ఉంటుంది.

చెన్నైలో తమిళం, ఇంట్లో తెలుగు, పుస్తకం ఇంగ్లీషు. పాఠం ఏ భాషలో?

పిల్లవాడు తనలో తాను మాట్లాడుకునే భాషలో. తమిళనాడు బడుల్లో 2006 చట్టం వల్ల తమిళం ఎలాగూ నేర్చుకుంటాడు, దాన్ని బరువుగా చూడకండి. రాత కథ చెప్పే వారం మా పిల్లలు వీధి బోర్డుల ముందు నిలబడిపోతారు. తమిళంలో గాంధీ అని రాసినా కాంతి అని రాసినా అక్షరాలు ఒకటే అని ఒకడు కనిపెట్టి, మన క, ఖ, గ, ఘలను వరుసగా రాసి పక్కన ఆ ఒక్క అక్షరం పెట్టాడు. రెండు లిపులూ బ్రాహ్మి సంతానమే అన్న పాఠానికి అంతకంటే ఏం కావాలి? మన వైపు నుంచి తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం, 575వ సంవత్సరం నాటిది, చిత్రం చూపాను.

రోజుకు ఎన్ని పాఠాలు చెప్పాలి?

ఒక్కో పిల్లవాడికి ఒకటి, లేదా ఏమీ లేదు. ఉదయం మూడు గంటలు గంట కొట్టకుండా వదిలేయడమే ముఖ్యం. పాఠం పావుగంట, పని రెండు గంటలు. ఎవరికి ఏ పాఠం ఎప్పుడు చూపారో, ఆ తర్వాత వాడు ఏం చేశాడో ఒక నోట్‌బుక్‌లో రాయండి. పిల్లవాడి చేత కూడా వాడి పని డైరీ రాయించండి. నా నోట్‌బుక్‌లో మొదటి గడి తేదీ, రెండోది పాఠం, మూడోది వాడి ముఖం ఎలా ఉంది అన్నది. మూడోదే మళ్లీ మళ్లీ చూస్తాను.

పాఠం చూపాక మా అబ్బాయి దాన్ని ముట్టుకోనే లేదు. బలవంతం చేయాలా?

వద్దు. పది రోజులు ఆగి మరో దారిలో అదే సంగతిని చూపండి. అప్పటికీ ముట్టుకోకపోతే, ముందు ఏం వచ్చి ఉండాలి అన్న ఆ పేరా చదవండి.

ఆల్బములో బయటికి వెళ్లడం అని ఉంది. అది విహారయాత్రా?

కాదు. యాభైమంది బస్సెక్కి పులిహోర పొట్లాలతో వెళ్లేది విహారయాత్ర. ఇది ఇద్దరు ముగ్గురు పిల్లలకు తమ పనిలో వచ్చిన ప్రశ్నకు జవాబు కోసం తామే ఏర్పాట్లు చేసుకుని వెళ్లడం. ఎవరికి ఫోను చేయాలి, ఏ బస్సు, టికెట్టు ఎంత, అన్నీ వాళ్లే చూసుకోవాలి. పెద్దవారు వెనక నడుస్తారు, ముందు నడవరు.

చెన్నైలో ఇందుకు కొదవ లేదు. 1851లో మొదలై, ఇప్పుడు ఎగ్మూరులో ఉన్న ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. గుంటూరు నుంచి వచ్చిన కుటుంబంలోని పిల్లవాడు తన తాతగారి ఊరి పక్క రాయిని మద్రాసులో చూసి, అది ఇక్కడికి ఎలా వచ్చిందని అడిగాడు. ఆ ప్రశ్న చరిత్ర పాఠంగా నెల రోజులు నడిచింది. జ్యామితికి సెయింట్ థామస్ మౌంట్ ప్రాంతం. బ్రిటిష్ సర్వేయరు విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో అక్కడే వంద అడుగుల ఉక్కు గొలుసుతో నేలను కొలిచి, దేశమంతటి సర్వేకు ఆధార రేఖ వేశాడు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం మొత్తం తెలిసినట్టే అన్న పాఠాన్ని మా పిల్లలు మైదానంలో తాడుతో, కోణమానినితో చేసి చూశారు. వాళ్లు కొలిచిన వేపచెట్టు దూరంలో రెండు అడుగుల తేడా వచ్చింది. మళ్లీ కొలిచారు, మూడు అడుగులు వచ్చింది. లాంబ్టన్ మీద గౌరవం పెరిగింది.

పరీక్షల సంగతేమిటి?

ఈ తరగతుల్లో ఉండవు. ఇంట్లో చదివేవారికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) వారి ప్రాథమిక విద్య పరీక్షలు మూడు, ఐదు, ఎనిమిదో తరగతి స్థాయిల్లో ఉన్నాయి. మామూలు బడిలో చేర్చాలనుకుంటే, విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. చేరేముందు కాగితం మీద వేగంగా లెక్క చేయడం రెండు నెలలు అలవాటు చేయించండి. భావం తెలిసిన పిల్లలకు అది పెద్ద పనేమీ కాదు, కానీ అలవాటు లేకపోతే మొదటి నెల బెంబేలెత్తిపోతారు.

ఆల్బమ్ కంటే వీడియోలు చూడటం మేలు కదా?

చేతుల కదలిక చూడటానికి మంచివే. చెకర్‌బోర్డు మీద పూసలను ఏ గడిలోంచి ఏ గడిలోకి జరపాలో నాలుగు పేజీలు చదివినా అర్థం కానిది ఒక్క నిమిషం చూస్తే అర్థమవుతుంది. చూశాక మీరు చేసి, చేశాక మీ మాటల్లో రాసుకోండి. పిల్లవాడికి మాత్రం ఆ వీడియో చూపకండి. వాడికి మీ చేతులు కావాలి.

సొంత ఆల్బమ్ రాసుకోవడానికి ఎలాంటి ఫైలు మంచిది?

కాగితాలు తీసి మార్చగలిగేది, రింగులున్నది. నేను మొదట దారంతో కుట్టించాను, తర్వాత ‘ఇంట్లో’ పాఠానికి చోటు దొరకక కత్తెర పెట్టవలసి వచ్చింది.